తాలు పొగ

వినుకొండలో పరుపుల కరీమున్‌ను ఎరగని ఇల్లు తక్కువ. ఊళ్ళో సగం మంది ఆమె కుట్టిన పరుపుల మీద ఒళ్ళు వాల్చినవాళ్ళే. అయినా ఏ ఇంట్లోనూ ఆమె వసారా దాటి లోపలికి పోయింది లేదు. ఆమెకు కుర్చీ వేసి, పేరు చివర గారు తగిలించి పిలిచింది ఒకే ఒక్క సంవత్సరం. అది ఎందుకు వేశారో తెలిస్తే ఆ కుర్చీని చూసినా రోత పుడుతుంది.

వాళ్ళది దూదేకుల కుటుంబం. భర్త గౌస్ బాషా విల్లుతో దూది ఏకేవాడు. ఏకే మిషన్లు వచ్చాక విల్లు అటకెక్కింది, అన్నేళ్ళూ పీల్చిన దుమ్ము మాత్రం ఆయన ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. కొడుకు అస్లాం పదో తరగతిలో ఉండగా ఆయన పోయాడు. అప్పటినుంచి కరీమున్ పరుపులు కుట్టింది, మిరపకాయల కాలంలో కళ్ళాల్లో కాయల తొడిమలు, అదే తొడాలు, తీసింది, కొడుకును నిలబెట్టింది. చిటికెడు దూది వేళ్ళ మధ్య నలిపి అది ఏ నేలలో పండిన పత్తో చెప్పగలదు. మిరపకాయ సంగతి అయితే చూడక్కర్లేదు, ముక్కుతోనే రకం చెబుతుంది. అస్లాం పదిలో తెలుగు తప్పి, మళ్ళీ కట్టి గట్టెక్కి, గుంటూరులో సైన్యంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారంటే వెళ్ళి వరసలో నిలబడ్డాడు. తీసుకున్నారు.

రెండువేల ఒకటి డిసెంబరులో వాడు రంజాన్‌కని రెండు నెలల సెలవు మీద వచ్చాడు. ఇంత పరుపుల ఇంట్లో పుట్టి వాడికంటూ ఒక పరుపు లేదని కరీమున్‌కు ఎప్పటినుంచో బాధ. మంచి దూది తెచ్చి, నీలం చారల గుడ్డ కొని, కుట్టడం మొదలుపెట్టింది. ఇంతలో ఢిల్లీలో పార్లమెంటు మీద కాల్పులు జరిగాయి. పండగైన మూడో రోజున టెలిగ్రాం వచ్చింది, సెలవులన్నీ రద్దు, వెంటనే బయల్దేరమని. అస్లాం ట్రంకుపెట్టె భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పరుపు ఒక పక్క నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. వాడు తిరిగి రావాలి, మిగిలిన సెలవు ఇంట్లో గడపాలి, ఆ పరుపు మీద పడుకోవాలి. కరీమున్‌కు లోకంలో ఇంకే కోరికా లేదు.

ఆ రోజుల్లోనే శశిభూషణ్‌కు దేశం మీద ప్రేమ పుట్టింది. ఒకప్పుడు అయిదేళ్ళు కౌన్సిలరుగా చేసి, తరవాత మూడు పార్టీలు తిరిగి, మూడింటిలోనూ టిక్కెట్టు దొరక్క ఇంట్లో కూర్చున్న మనిషి ఆయన. సైన్యాన్ని సరిహద్దుకు పంపడం సరైనదేనని జనం చేత అనిపించాలని పై నుంచి పార్టీవాళ్ళు అన్ని ఊళ్ళకూ కబురు పెట్టారు. ఈయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. చర్చలు వద్దు, దాటి వెళ్ళి కొట్టాల్సిందే అన్నాడు. యుద్ధ సంకల్ప కమిటీ అని బోర్డు రాయించాడు. కమిటీ అంటే ముగ్గురు. ఆయన, రిటైరైన తెలుగు పంతులు అనంతపద్మనాభం, మైకుసెట్టు మాబు.

జనానికి యుద్ధం మీద కోపమూ లేదు, ఇష్టమూ లేదు. పత్తికి పురుగు, బోర్లలో నీళ్ళు లేకపోవడం, వాళ్ళ గొడవ వాళ్ళది. మొదటి సభకు వచ్చినవాళ్ళంతా బస్సు కోసం నిలబడ్డవాళ్ళే. బస్సు రాగానే సభ ఖాళీ అయింది. ఊరికే ఉపన్యాసాలకు జనం కదలరు, శత్రువు బొమ్మ చేసి తగలబెట్టాలన్నాడు పంతులు. బొమ్మ అనగానే కుట్టేవాళ్ళెవరు అనే మాట వచ్చింది, మాబు కరీమున్ పేరు చెప్పాడు.

శశిభూషణ్ స్కూటరు దిగకుండానే ఆమెతో మాట్లాడాడు. ఈ పని మీవాళ్ళ చేత్తో జరిగితే దాని అందమే వేరమ్మా అన్నాడు. ఆ మాటలో ఏముందో కరీమున్‌కు అర్థమైంది. కొడుకు సరిహద్దులో తుపాకీ పట్టుకుని నిలబడితే చాలదు, తల్లి కూడా ఇక్కడ దిష్టిబొమ్మ కుట్టి చూపించాలన్నమాట. మింగేసింది. ఆమెకు తన అవసరం ఉంది. మావాడికి మిగిలిన సెలవు ఇప్పించండయ్యా అని అడిగింది. అదెంత పని, ఢిల్లీకి ఒక్క ఫోను అన్నాడాయన. పంతులు అక్కడికక్కడే అర్జీ రాశాడు. కరీమున్ దాని కింద వంకర టింకరగా తన పేరు రాసింది. ఆ కాగితం శశిభూషణ్ జేబులోకి వెళ్తుంటే చొక్కా జేబు వైపే చూస్తూ నిలబడింది.

మొదటి బొమ్మను ఆమె చేతనైన పద్ధతిలోనే కుట్టింది. పనికిరాని దూది గట్టిగా దట్టించి, వాచ్‌మన్ పాత ఖాకీ చొక్కా తొడిగింది. గట్టిగా కూరిన దూది మండదు, కుములుతుంది. ఆ సంగతి పరుపులు కుట్టేవాళ్ళకు తెలుసు, దేశభక్తులకు తెలియదు. బస్టాండు సెంటర్లో శశిభూషణ్ నిప్పు పెట్టి, ఫోటోగ్రాఫరు వైపు తిరిగి పిడికిలి ఎత్తి నిలబడ్డాడు. మంట రాలేదు. పిడికిలి దించుదామంటే ఫోటో తియ్యలేదాయె. పావుగంట చూసి జనం పోయారు. చలికాలం కావడంతో ఒక కుక్క వచ్చి, శత్రువు పక్కన వెచ్చగా ముడుచుకుని పడుకుంది.

రెండోసారికి దూది వద్దు, ఎండుచెత్త కావాలన్నారు. మాబు మిరపకాయల గోడౌను ఊడ్చిన చెత్త నాలుగు బస్తాలు తెచ్చి పడేశాడు. కరీమున్ ఒక బస్తా విప్పి మూడుసార్లు తుమ్మింది. తొడాలతోపాటు అందులో తాలు కాయలు కూడా ఉన్నాయి. తాలు అంటే రంగు పోయి తెల్లబడి, మంచి కాయల్లోంచి ఏరి పారేసే మిరపకాయలు.

"ఒరే మాబూ, ఇందులో తాలు ఉందిరా. కాలిస్తే ఎవడూ నిలవలేడు" అంది.

"కాలేదానికి కారమైతే ఏంది, చప్పనైతే ఏందక్కా. నువ్వు కుట్టు" అన్నాడు మాబు.

కుట్టింది. ఆ సాయంత్రం ట్రాక్టర్ల మీద తోలుకొచ్చిన జనం మధ్య బొమ్మ భగ్గున అంటుకుంది. నిమిషం తిరక్కుండా పొగ జనం మీద పడింది. మూడువందల మంది దగ్గుతూ, చీదుతూ, కొంగులతో, తువ్వాళ్ళతో కళ్ళు తుడుచుకున్నారు. పొరుగింటి ఖాజాబీ కరీమున్ భుజం పట్టుకుని, మాబును, వాడి మైకును, వాడి ఏడు తరాలను తిట్టింది. వేదిక గాలికి ఎదురు పక్కన ఉండటంతో శశిభూషణ్‌కు ఏమీ తెలియలేదు. తన ఉపన్యాసం ఇంత పనిచేసిందేమిటా అని ఆయన ఆశ్చర్యపోతూ ఇంకా గట్టిగా మాట్లాడాడు.

మర్నాడు పేపర్లో సగం పేజీ ఫోటో పడింది. కళ్ళు తుడుచుకుంటున్న ఆడవాళ్ళు, తల వంచుకున్న ముసలివాళ్ళు. పైన పెద్ద అక్షరాల్లో, సైనికుల కోసం కన్నీరు కార్చిన వినుకొండ.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పుకోవాలి. ఈ ప్రాంతంలో మిరపకాయ ఘాటు తెలియని ముక్కు లేదు. ఆ మూడువందల మందిలో రెండువందల మంది పొద్దస్తమానం కళ్ళాల్లో తొడాలు తీసి, చేతులు మండుతుంటే అదే చేతులతో అన్నం తినేవాళ్ళు. తాము ఎందుకు ఏడ్చారో ప్రతి ఒక్కరికీ తెలుసు. కానీ పేపర్లో తమ మొహం చూసుకున్నాక ముక్కు మాట ఎవరు వింటారు? నిన్న సాయంత్రం ఏడు తరాలు తిట్టిన ఖాజాబీ పేపరు పట్టుకుని పరుగున వచ్చింది. ఫోటోలో తన మొహం మీద వేలు పెట్టి చూపించింది. అస్లాం గుర్తొచ్చి ఆగలేకపోయానక్కా అంది. నవ్వాలో, తిట్టాలో కరీమున్‌కు తెలియలేదు. ఖాజాబీ అబద్ధం ఆడటం లేదు, అదే చూసేవాళ్ళకు అసహ్యం. ఆమె నిజంగానే నమ్మేసింది.

శశిభూషణ్ ఆ పూటే స్కూటరు దిగి వచ్చాడు. మాబు ఆయనకు అసలు సంగతి చెప్పేశాడు కాబోలు, సిగ్గుపడే మనిషైతే అక్కడితో ఊరుకునేవాడు. ఈయన ఒక్క క్షణం ఆలోచించి, ఎంత తాలు వేశావని అడిగాడు. కరుణరసం పండితే వీరరసం దానంతటదే వస్తుందని అనంతపద్మనాభం పక్కనుంచి శాస్త్రం చెప్పాడు. ఆయన ముప్పై ఏళ్ళు చదువు చెప్పింది ఇందుకోసమని తెలిస్తే బడి ఎప్పుడో మూసేసేవాళ్ళు.

ఆ తరవాత అది ఒక పని అయిపోయింది. తాలు ఎక్కువైతే జనం లేచి పారిపోతారు, తక్కువైతే కళ్ళు చెమ్మగిల్లవు. బొమ్మ గుండె దగ్గర అరగంప, దాని చుట్టూ తొడాలు, పైన గడ్డి, ఇదీ కొలత. ఆ కొలత కరీమున్ చేతికే తెలుసు. శశిభూషణ్ గాలి వాటం నేర్చుకున్నాడు. సభ పెట్టేముందు జేబురుమాలు పైకెత్తి చూసుకుని, జనాన్ని ఎటు కూర్చోబెట్టాలో, వేదిక ఎటు కట్టాలో చెప్పేవాడు. కనిగిరిలో మధ్యలో గాలి తిరిగి పొగ వేదిక మీదకే వచ్చింది. ఆయన మాట పెగలక వలవలా కళ్ళు కారుస్తూ నిలబడ్డాడు. వీరుల తలపుతో నేత కంటతడి అని పేపర్లో వేశారు. అది ఇంకా బాగా పనిచేసింది. యుద్ధం కావాలా అని మైకులో అడిగితే కావాలని జనం దగ్గుతూనే అరిచేవాళ్ళు. సంతకాల కాగితాలు తిప్పితే కళ్ళు తుడుచుకున్న చేతులతోనే సంతకాలు పెట్టేవాళ్ళు. సరిహద్దు ఎక్కడుందో తెలియకుండానే దాన్ని దాటమని పల్లెలకు పల్లెలు రాసిచ్చాయి.

ఇంత జరిగాక తల్లి చేతులతో ఊరుకుంటారా? తల్లి కూడా కావలసివచ్చింది. కరీమున్‌ను వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. వీరమాత కరీమున్ గారు అన్నారు. అస్లాం రాసిన ఉత్తరమని అనంతపద్మనాభం ఒక కాగితం చదివాడు. పూజ్య జననీ, నా రుధిరధారతో మాతృభూమి పాదపద్మాలను కడిగెదను, ఆజ్ఞ ఇప్పించు అని ఉంది అందులో. పదో తరగతిలో అస్లాంకు తెలుగు చెప్పింది ఆయనే. అప్పుడు గట్టెక్కేంత తెలుగు కూడా నేర్పనివాడు ఇప్పుడు అంత తెలుగు ఊరికే ఇచ్చేశాడు.

వాడు నిజంగా రాసిన ఉత్తరం ఆమె రవిక చాటున ఉంది. దాన్లో ఇలా ఉంది. "అమ్మా, ఇక్కడంతా ఇసక. గుంటలు తవ్వడం, పూడ్చడం మా పని. ఏం పూడుస్తున్నామో రాయకూడదు. గాలికి ఇసక జరిగిపోయి ఎక్కడేం పెట్టామో గుర్తు దొరకడం లేదు. పోయిన వారం మావాడొకడు నడుచుకుంటూ వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఎందుకు వచ్చామో మాకు ఎవరూ చెప్పలేదు. అక్కడ మీకేమన్నా చెప్పారా?"

ఆమె కుర్చీలో కూర్చుని ఆ ప్రశ్నకు జవాబు ఏం రాయాలా అని ఆలోచించింది. ఏ సభలోనూ ఆమె కంట నీరు రాలేదు. వేదిక వైపు పొగ రాదు, వచ్చినా రోజూ తాలు కూరే కళ్ళకు అది అలవాటే. చూశారా, వీరమాత కంట తడి లేదు అని పంతులు దానికీ ఒక పద్యం కట్టాడు. ఆమె మాత్రం ప్రతిసారీ మెట్లు దిగేటప్పుడు శశిభూషణ్‌ను ఒకే మాట అడిగేది, సెలవు సంగతి ఏమైందని. ఇవాళో రేపో అమ్మా అనేవాడు.

జులైలో సింగరాయకొండ సభకు బొమ్మ కావాలన్నారు. తలలో కూరడానికి కమిటీ ఆఫీసు చిత్తు కాగితాలు ఒక సంచి నిండా తెచ్చాడు మాబు. కరీమున్ పిడికిళ్ళతో తీసి నలుపుతూ కూరుతోంది. సంతకాల కాగితాలు వచ్చాయి. ఢిల్లీ చేరాయని మైకులో చెప్పిన సంతకాలు, వినుకొండవీ, కనిగిరివీ. వాటి మధ్య ఒక కాగితం కింద వంకర టింకర అక్షరాలు కనిపించాయి. అవి తనవే. మడత కూడా ఎవరూ విప్పలేదు, జేబులో ఎలా పెట్టారో అలాగే ఉంది.

ఆ ఒక్క కాగితం తీసి పెట్టెలో దాచుకుంది. రెండు జిల్లాల జనం సంతకాలన్నీ శత్రువు తలలో కుక్కి, దబ్బనంతో కుట్టేసింది. చేతులు కడుక్కుని నేరుగా కమిటీ ఆఫీసుకు పోయింది.

శశిభూషణ్ బుకాయించలేదు. అవసరం లేదనుకున్నాడు.

"యుద్ధ సమయంలో వీరమాత కొడుక్కి సెలవు అడిగిందని బయటికి పొక్కితే ఎవరికమ్మా చెడ్డపేరు? అందులోనూ మీవాళ్ళకి. మీ మంచికే ఆపాను" అన్నాడు.

"ఆర్నెల్ల నుంచీ ఇవాళో రేపో అన్నారే. అదీ నా మంచికేనా?" అంది కరీమున్.

వాడు ఇంటికొచ్చేస్తే మనం సభలో ఏం చెప్పాలమ్మా అన్నట్టు పంతులు నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఆమెకు కోపం కూడా పోయింది. కోపం రావాలంటే ఎదుటివాణ్ణి మనిషికింద లెక్కెయ్యాలి. ఇంక నేను కుట్టను అని చెప్పి వచ్చేసింది.

బొమ్మలు మాబే కుట్టడం మొదలుపెట్టాడు. నరసరావుపేటలో రెండు గంపల తాలు దట్టించి సభ మొత్తాన్ని రోడ్డు మీదకు తరిమాడు. కరీమున్‌కు ఆ కబురు చెప్పి ఖాజాబీ పడీపడీ నవ్వింది. కరీమున్ నవ్వలేదు. అంతకు ముందు రోజే టెలిఫోను బూత్ వాళ్ళు ఆమెకు కబురు పంపారు. తాము పాతిపెట్టిన మందుపాతరలను మళ్ళీ తవ్వి తీస్తుంటే అస్లాం కుడికాలు మోకాలి కిందికి పోయింది. వాడు బతికే ఉన్నాడు, జోధ్‌పూర్ ఆస్పత్రిలో ఉన్నాడు.

అక్టోబరులో సైన్యాన్ని వెనక్కి పిలిచారు. పది నెలలు యుద్ధం యుద్ధమని గొంతు చించుకున్న శశిభూషణ్, యుద్ధం లేకుండానే గెలిచామని అదే గొంతుతో చెప్పాడు. జనం దానికీ చప్పట్లు కొట్టారు. డిసెంబరులో రంజాన్‌కి రెండు రోజుల ముందు అస్లాం ఇంటికి వచ్చాడు, చంకల కింద కర్రలతో. నిరుడు వెళ్ళినవాడికి ఈ ఏడు సెలవు దొరికింది. కరీమున్ పరుపు తెరిచి ఉన్న వైపు ఒక్క పూటలో కుట్టేసి వాణ్ణి దాని మీద పడుకోబెట్టింది. కాలు లేని చోట పరుపు లోతు పడలేదు. చూడలేక అవతలికి వెళ్ళింది.

పండగ వెళ్ళిన వారానికి శశిభూషణ్ పళ్ళు, శాలువా పట్టుకుని వచ్చాడు. విజయోత్సవ సభ పెడుతున్నాం, అస్లాంను సన్మానించాలి, శత్రువుల దాడిలో కాలు పోగొట్టుకున్న వీరుడని చెప్పాలి అన్నాడు. అది మేం పాతిందే సార్, మేమే తొక్కాం అన్నాడు అస్లాం. అంత వివరం జనానికెందుకులే బాబూ అన్నాడాయన. తరవాత కరీమున్ వైపు తిరిగి, మాబుకు ఆ కొలత కుదరడం లేదమ్మా, ఈ ఒక్కసారి మీ చేత్తోనే కుట్టాలి అని బతిమాలాడు. కుడతానంది. ఆమె ఏమీ అడగకపోవడం ఆయనకు వింతగా కూడా అనిపించలేదు.

ఆయన పోయాక అస్లాం, ఎందుకమ్మా ఒప్పుకున్నావని అడిగాడు.

"ఆర్నెల్లూ వాళ్ళని ఏడిపించింది నా చెయ్యే. ఈసారి ఊరికే వదిలి చూస్తా. నీ కోసం ఒక్కళ్ళు ఏడ్చినా చాలురా నాకు" అంది.

నువ్వు చూడాలంటే వస్తా అన్నాడు అస్లాం.

ఆమె బొమ్మలో శుభ్రమైన వరిగడ్డి కూరింది. ఒక్క తొడిమ కూడా పడకుండా మూడుసార్లు దులిపింది. బస్టాండు సెంటర్లో జనం కిక్కిరిసి కూర్చున్నారు. శశిభూషణ్ జేబురుమాలు ఎత్తి చూసి, గాలి జనం వైపే ఉందని తృప్తిపడ్డాడు. అస్లాం కర్రల మీద వేదిక చివరికి వచ్చి నిలబడ్డాడు. మోకాలి కింద మడిచి పిన్ను పెట్టిన ప్యాంటు అందరికీ కనిపిస్తోంది. బొమ్మకు నిప్పు పెట్టారు. ముందు వరసలో ఖాజాబీ అలవాటుగా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

గడ్డి ఎర్రగా, ముచ్చటగా మండింది. పొగ తెల్లగా పైకి పోయింది. ఖాజాబీ కాసేపు చూసి కొంగు దించేసింది. కరీమున్ కుర్చీలోంచి ఒక్కో మొహమే వెతికింది, ముందు నుంచి వెనకదాకా, తెలిసిన మొహాలన్నీ. అందరూ అస్లాం కాలు వైపు వింతగా చూశారు, చూడటం అయిపోయాక మంట వైపు చూశారు. ఒకాయన ఆవలించాడు. వెనక పులిహోర పొట్లాలు పంచుతున్నారేమోనని నలుగురు లేచి నిలబడ్డారు.

శశిభూషణ్ మైకుకు చెయ్యి అడ్డం పెట్టి ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"తాలు వెయ్యలేదా అమ్మా?"

"లేదండి. ఈసారి నిజంగా జరిగిందే కదా, తాలు అక్కర్లేదనుకున్నా" అంది కరీమున్.

ఆమె కుర్చీలోంచి లేచింది. కొడుకు కంటే ముందు మెట్లు దిగి, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి వాడికి చెయ్యి అందించింది.